పెద్దవాళ్లతో రైడ్లకు వెళ్తే ఏది ఎక్కించాలి, ఏది వద్దు: విశాఖ వాళ్లకి ఒక లెక్క

సంక్రాంతికో వేసవి సెలవులకో పిల్లలు దిగగానే విశాఖలో ఇంటింటా అదే పంచాయితీ. పిల్లలకి కైలాసగిరో, ఎగ్జిబిషనో, కాస్త చేతిలో డబ్బులుంటే వండర్‌లానో కావాలి. తాతయ్యకి మోకాళ్లు, నానమ్మకి బీపీ. చివరికి "మాకెందుకురా, మీరెళ్లి రండి" అని వాళ్లే అనేస్తారు, మనమూ హమ్మయ్య అనుకుని కారెక్కేస్తాం. లేదంటే తీసుకెళ్లి ఓ బెంచీ మీద కూర్చోబెట్టి, ఫోన్లు, చెప్పులు, తడి బట్టల సంచులు అన్నీ పక్కన పడేసి సామాన్ల కాపలాకి వదిలేస్తాం. రెండూ బాలేవు.

నేనైతే తీసుకెళ్లమనే చెప్తాను, ఎక్కించమని కూడా. కాకపోతే ఎంచుకునే పద్ధతి మారాలి. మనం కింద నిలబడి రైడ్ ఎంత ఎత్తుంది, ఎంత స్పీడుగా తిరుగుతోంది, జనం ఎంత అరుస్తున్నారు అని చూసి ఇది పర్లేదు, ఇది వద్దు అని తేల్చేస్తాం. అరవై దాటిన ఒంటికి ఆ లెక్క పనికిరాదు. ఎక్కేటప్పుడు అది పూర్తిగా ఆగుతుందా, సీటు ఎంత కిందికి ఉంది, మెడకీ నడుముకీ కుదుపు వస్తుందా, మధ్యలో ఆపమంటే ఆపుతారా, ఎక్కడానికి ముందు ఎంతసేపు నిలబడాలి, ఇవి చూడాలి. ఇలా చూస్తే ఫలితాలు తారుమారవుతాయి. చూడ్డానికి భయం పుట్టించే రోప్‌వే పాసైపోతుంది, పిల్లాటలా కనిపించే డ్యాషింగ్ కార్లు ఫెయిలవుతాయి.

ముందు ఒంటి సంగతి

వయసు నంబరు చూసి నిర్ణయించకండి. డెబ్బై ఐదేళ్ల వయసులో రోజూ బీచ్ రోడ్డులో నడిచే తాతయ్యలున్నారు, యాభై ఎనిమిదికే మెడ పట్టీ పెట్టుకుని తిరిగే బాబాయిలున్నారు. ఎవరికి ఏముందో దాన్ని బట్టే రైడ్.

గుండెకి ఈమధ్యే స్టెంటు వేయించుకున్నవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, బీపీ ఇంకా అదుపులోకి రానివాళ్లు, కంటికో మోకాలికో కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లు ఉంటే, వాళ్ల డాక్టర్ని ఒక మాట అడిగాకే ఏదైనా. మెడ పూసలు అరిగిపోయే స్పాండిలోసిస్ ఉంటే కుదుపున్న ఏ రైడూ వద్దు, అది ఎంత చిన్నదైనా సరే. ఎముకలు గుల్లబారాయని తేలిన ఆడవాళ్లకి కింద నుంచి పైకి ఎగరేసే రైడ్లు వద్దు, వెన్నుపూస మీద పడే దెబ్బ పైకి కనిపించదు. తల పక్కకి తిప్పితే లోకమంతా గిర్రున తిరిగే వర్టిగో ఉన్నవాళ్లకి రంగులరాట్నం కూడా కష్టమే, కానీ రోప్‌వే, టాయ్ ట్రైన్ లాంటివి చాలామందికి ఇబ్బంది పెట్టవు.

ఇక మాత్రల సంగతి. బీపీకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది) వేసుకునేవాళ్లు బయటికెళ్లే రోజు రెండు పనులు చేస్తారు, మాత్ర మానేస్తారు, నీళ్లు తాగడం కూడా మానేస్తారు, దారిలో బాత్రూమ్ దొరకదేమోనని. విశాఖ ఉక్కపోతలో ఒళ్లంతా చెమట కారుతుంటే ఇంతకంటే పొరపాటు ఉండదు. మాత్ర ఏ టైముకి వేసుకోవాలో ముందు రోజే డాక్టర్ని అడగండి, అక్కడికి చేరగానే మొట్టమొదట బాత్రూమ్ ఎక్కడుందో వాళ్లకే స్వయంగా చూపించండి. అది తెలిస్తే వాళ్లే నీళ్లు తాగుతారు. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లయితే భోజనం టైము లైన్లో గడిచిపోకూడదు, సంచిలో బిస్కెట్లు, గ్లూకోజు ఉండాల్సిందే.

ఇంకొకటి, బీపీ మందులు వాడేవాళ్లు కూర్చుని లేవగానే తూలుతుంటారు. రైడ్ ఆగగానే వెనకవాళ్ల తొందర చూసి లేచిపోతారు. "పదంకెలు లెక్కపెట్టి లేవండి" అని ముందే చెప్పి పెట్టుకోండి, ఆపరేటర్ విసుక్కుంటే విసుక్కోనీండి.

రైడ్‌కీ రైడ్‌కీ పోలిక

ఉడా పార్కులో ఉన్నా, వేసవిలో గ్రౌండ్లలో వేసే ఎగ్జిబిషన్లో ఉన్నా, పెద్ద పార్కులో ఉన్నా పేర్లు దాదాపు ఇవే. (పేరు తారకరామ పార్కు అయింది గానీ ఆటో అబ్బాయికి ఉడా పార్కు అంటేనే వెలుగుతుంది.)

జెయింట్ వీల్ నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే గొడవలన్నీ దీని మీదే. జెయింట్ వీల్ అంటే ఒకటి కాదు, రెండు రకాలు. పెద్ద పార్కుల్లో మూసి ఉన్న కేబిన్లతో నెమ్మదిగా తిరిగేది ఒకటి. దాంట్లో కుదుపు లేదు, తలుపు వేస్తారు, కూర్చుని ఊరు చూడ్డమే. ఎత్తంటే భయం లేని పెద్దవాళ్లకి నేను మొదట చెప్పేది అదే. రెండోది ఎగ్జిబిషన్లో వేసే తెరిచిన తొట్టెలది. అది చాలాచోట్ల బాగా స్పీడుగా తిప్పుతారు, పైనుంచి కిందికి దిగేటప్పుడు కడుపు ఖాళీ అయినట్టు గుండె జారినట్టు అవుతుంది, ఆ పైన తొట్టె కూడా ఊగుతుంది. పేరొకటే కదా అని రెండింటినీ ఒక గాటన కట్టేయకండి. టికెట్ తీసుకునే ముందు ఒక రౌండు అక్కడే నిలబడి చూడండి, మనుషులు ఎక్కేటప్పుడు పూర్తిగా ఆపుతున్నాడా లేక కదులుతుండగానే చెయ్యి పట్టి లాగుతున్నాడా అన్నది ముఖ్యంగా చూడండి.

మా పెద్దమ్మ ఎక్కినప్పుడు దగ్గరుండి చూశాను. అందరూ పైకి వెళ్లాక భయపడతారేమో అనుకుంటారు, అసలు కష్టమంతా కింద ఆ అర నిమిషంలోనే ఉంది. తొట్టె అంచు ఆవిడ మోకాలి ఎత్తున ఉంది. కుడికాలు పైకెత్తాలంటే ఎడమ మోకాలి మీద బరువంతా పడాలి, ఆవిడకి నొప్పి ఆ ఎడమ మోకాలే. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుంటే కడ్డీ పట్టుకోవడానికి ఒక్క చెయ్యే మిగిలింది, తొట్టెమో ముందుకీ వెనక్కీ ఊగుతోంది. నేను ముందు ఎక్కి లోపలినుంచి మోచెయ్యి కింద పట్టుకుంటే, మా తమ్ముడు వెనకనుంచి తొట్టె కదలకుండా పట్టుకున్నాడు, అప్పుడు కుదిరింది. పైకి వెళ్లాక ఆవిడకి భయమూ లేదు ఏమీ లేదు, ఓడలు లెక్కపెడుతూ కూర్చుంది. కాబట్టి ఒకరు ముందు, ఒకరు వెనక ఉండాలి. చీర అయితే ఎక్కే ముందే కొంగు నడుముకి దోపేసి, కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుంటే మంచిది. పిల్లలకి చెప్పినట్టు కాకుండా మామూలుగా చెప్పండి, వాళ్లు ఏమీ అనుకోరు.

డ్యాషింగ్ కార్లు. ఇవి చూడగానే "నాన్నా, మీరు అంబాసిడర్ నడిపారు కదా, రండి" అంటాం. ఆయనకీ సరదాగానే ఉంటుంది. కానీ దీంట్లో వచ్చే దెబ్బ ఎప్పుడొస్తుందో తెలియదు, ఎక్కువగా వెనకనుంచి వస్తుంది, మెడ ఒక్కసారిగా వెనక్కి వెళ్లి ముందుకొస్తుంది. పడుచువాళ్లకి అది నవ్వు, అరిగిపోయిన మెడ పూసలున్నవాళ్లకి వారం రోజుల నొప్పి. సీటు కూడా నేలకి దగ్గరగా ఉంటుంది, లేవాలంటే స్టీరింగ్ పట్టుకుని వేలాడాల్సిందే. నా మాటైతే వద్దు. ఆయన పట్టుబడితే జనం లేనప్పుడు మన ఇంట్లోవాళ్లే నాలుగు కార్లు తీసుకుని, గుద్దుకోకుండా చుట్లు కొట్టండి. ఆయనకి కావలసింది స్టీరింగే కదా.

కొలంబస్ పడవ ఊయలకి ఒక చిన్న కిటుకుంది. చివర సీట్లలో కూర్చున్నవాళ్లే ఎక్కువ ఎత్తుకి లేస్తారు, కడుపులో తిప్పేది వాళ్లకే. మధ్య వరసలో అంత ఉండదు. కానీ ఒకసారి ఊపందుకున్నాక మధ్యలో దిగుతానంటే వెంటనే కుదరదు, అది నెమ్మదించి ఆగేదాకా కూర్చోవాల్సిందే. గుండె, బీపీ, వర్టిగో ఏవీ లేని, కొత్తలో తిరనాళ్లకెళ్లినట్టు ఉత్సాహపడే పెద్దవాళ్లుంటే మధ్య వరస వరకూ సరే. అంతకు మించి వద్దు.

బ్రేక్ డాన్స్, టోరా టోరా, రోలర్ కోస్టర్, పైనుంచి వదిలేసే టవర్లు, వీటి గురించి చర్చ అక్కర్లేదు. వద్దు.

రంగులరాట్నం మంచిదే, గుర్రం మీద కాదు, బెంచీ లాంటి సీటుంటే దాని మీద. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఫొటో కూడా బాగుంటుంది. త్రీడీ థియేటర్లో మామూలు కుర్చీలైతే హాయిగా ఏసీలో కూర్చోవచ్చు, కుర్చీలు కూడా కదిలే రకమైతే నడుం నొప్పి వాళ్లు బయటే ఉండటం మంచిది, ఆ కుర్చీ విసిరే తీరు మన ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు ఆఖరి సీటుకి ఏమీ తీసిపోదు.

నీళ్ల దగ్గరికొస్తే లెక్క వేరు. అలలొచ్చే వేవ్ పూల్లో లోపలికి వెళ్లక్కర్లేదు, ఒడ్డున పాదాలు తడిసేంత నీళ్లలో కుర్చీ వేసుకుని కూర్చున్నా ఆనందమే. లేజీ రివర్ పేరు చూసి మోసపోకండి, ట్యూబులో తేలడం తేలికే, ట్యూబులోకి కూర్చోవడమూ అందులోంచి లేవడమూ చాలా కష్టం, ఇద్దరు పట్టుకోవాల్సిందే. పెద్ద వాటర్ పార్కుల్లో చీరలతో, కాటన్ బట్టలతో నీళ్లలోకి రానివ్వరు, నైలాన్ రకం బట్టలుండాలి. ఈ సంగతి గేటు దాటాక తెలిస్తే మా అత్తయ్యలాంటి వాళ్లు "నాకా బట్టలేంటి" అని అక్కడే ముడుచుకుపోతారు. ఇంట్లోనే చెప్పండి, మోకాళ్ల కిందిదాకా వచ్చే స్విమ్ సూట్లు దొరుకుతాయి, వాళ్లకి నచ్చేవి ముందే కొనిపెట్టండి. షుగర్ వల్ల పాదాల్లో తిమ్మిర్లు ఉన్నవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. మధ్యాహ్నం ఎండకి కాలిన గచ్చు మీద చెప్పుల్లేకుండా నడిస్తే వాళ్లకి చురుకు తెలియదు, సాయంత్రం చూసుకుంటే బొబ్బలుంటాయి. నీళ్ల చెప్పులు వేసుకోనిచ్చే చోటైతే వేయండి, లేదంటే నీడలో నడిపించండి, ఇంటికొచ్చాక పాదాలు మీరే చూడండి.

ఊళ్లోనే తేల్చేయాలంటే

పెద్దవాళ్లతో మొదటిసారి వెళ్తుంటే ఊరు దాటకండి. అలసిపోతే అరగంటలో ఇంట్లో ఉండొచ్చు, ఆ ధైర్యం వాళ్లకీ కావాలి మనకీ కావాలి.

నా మొదటి ఓటు కైలాసగిరికే. 40 అడుగుల శివపార్వతుల విగ్రహాలున్నాయి కాబట్టి "గుడికెళ్లినట్టే" అని పెద్దవాళ్లని ఒప్పించడం సులువు. పైకి వెళ్లడానికి ఘాట్ రోడ్డుంది, రోప్‌వే ఉంది. రోప్‌వేలో కుదుపు తక్కువ, మూసిన కేబిన్, ఒక పక్క సముద్రం, ఒక పక్క ఊరు. భయమంటారా, ఎత్తు చూసి కొందరికి కళ్లు తిరుగుతాయి, అలాంటి వాళ్లని కొండవైపు చూసేలా కూర్చోబెట్టండి. కౌంటర్ దగ్గరే రెండు ప్రశ్నలు అడగండి: స్టేషన్లో ఎన్ని మెట్లెక్కాలి, ఎక్కేటప్పుడు కేబిన్ ఆపుతారా. గాలి ఎక్కువగా ఉన్న రోజు రోప్‌వేలు ఆపేయడం మామూలే, కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకుని వెళ్లొద్దు. మా ఇంట్లో చేసే పద్ధతి, మోకాళ్ల వాళ్లు కారులో పైకి, మిగతావాళ్లు రోప్‌వేలో, పైన కలుసుకోవడం. అందరూ ఒకే దాంట్లో వెళ్లాలన్న పంతం వల్లే సగం టెన్షన్లు.

పైన టాయ్ ట్రైన్ పెద్దవాళ్లకి అన్నిటికంటే బాగా కుదిరే రైడ్. కొండ చుట్టూ నెమ్మదిగా తిప్పుతుంది, కూర్చుంటే చాలు. దాని ఇబ్బంది సీట్లే, మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాల్సి వస్తుంది, మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు కాలు చాపుకోవడానికి వీలున్న చివరి సీటు అడగాలి. సముద్రం ఏ వైపు కనిపిస్తుందో ముందే కనుక్కుని ఆ వైపు కూర్చోబెట్టండి, లేకపోతే రాయీ రప్పా చూసి దిగుతారు. పైన కొత్తగా వచ్చిన గాజు వంతెన గురించి అందరూ అడుగుతున్నారు. అది ఒంటికి ఏమీ చేయదు, నాలుగడుగులు నడకే, కానీ కాళ్ల కింద లోయ కనిపిస్తుంటే కొందరు అడుగు తీసి అడుగు వేయలేరు. చూపు మందగించినవాళ్లకి ఆ మెరుపులో అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. వాళ్ల ఇష్టానికి వదిలేయండి, చెయ్యి పట్టి లాక్కెళ్లి రీల్ తీయకండి.

కైలాసగిరికీ జూకీ మధ్య ఎంచుకోవాలంటే, నడవలేని పెద్దవాళ్లు ఉంటే నేను జూ అంటాను. ఇందిరాగాంధీ జూ 625 ఎకరాలు, అంతా నడిస్తే మనకే కాళ్లు పడిపోతాయి, కానీ బ్యాటరీ బండ్లున్నాయి. బండి ఎక్కి దిగడం తేలిక, పైన కప్పుంది, చుట్టూ కంబాలకొండ చెట్ల నీడ. పిల్లలకి జంతువులు, పెద్దవాళ్లకి చల్లగాలి. సోమవారం సెలవని గుర్తుంచుకోండి.

బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ గురించి ఒక హెచ్చరిక. ఐఎన్ఎస్ కురుసుర 2002 నుంచి మ్యూజియంగా ఉంది, బయటి ఊళ్ల నుంచి చుట్టాలొస్తే మనం ముందు తీసుకెళ్లేది అక్కడికే. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపులుంటాయి, వాటిని దాటాలంటే తల వంచి, కాలు ఎత్తి, రెండూ ఒకేసారి చేయాలి. మోకాళ్లకీ మెడకీ కలిపి పెట్టిన పరీక్ష అది, వెనక జనం తోసుకొస్తుంటారు, మధ్యలో తిరిగి రావడానికి దారి ఉండదు. పెద్దవాళ్లని బయటే సముద్రం ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్లతో ఇంకొకరు ఉండండి, మురీ మిక్చరో మొక్కజొన్న పొత్తో తినిపించండి. రోడ్డుకి అవతల ఉన్న టీయూ-142 విమానం మ్యూజియంలో విమానం లోపలికి మెట్లెక్కాలి, అది వదిలేసినా హాల్లో చూడ్డానికి చాలా ఉంది.

2025లో బీచ్ రోడ్డు మీద మొదలైన డబుల్ డెక్కర్ బస్సు పెద్దవాళ్లకి మంచి రైడే. పై అంతస్తుకి మెట్లెక్కగలిగితే గాలి అద్భుతం, ఎక్కలేకపోతే కిందే కిటికీ పక్కన కూర్చున్నా తొట్లకొండ వైపు సముద్రం కనిపిస్తూనే ఉంటుంది. సాయంత్రం పూటే ఎక్కించండి.

రుషికొండలో స్పీడ్ బోటు మాత్రం అస్సలు వద్దంటాను. అల మీద నుంచి బోటు దబ్బున పడినప్పుడల్లా ఆ దెబ్బంతా నడుముకే, ముందు సీట్లో కూర్చున్నవాళ్లకి ఇంకా ఎక్కువ. ఎముకలు బలహీనంగా ఉన్నవాళ్లకి ఆ ఒక్క దెబ్బకి వెన్నుపూస నొక్కుకుపోవచ్చు. పైగా అలల్లో నిలబడి బోటెక్కాలి. పిల్లలు వెళ్లనీండి, పెద్దవాళ్లు ఒడ్డునే.

అరకు రైలు కూడా ఒక రైడే అనుకుంటే, పెద్దవాళ్లతో రోడ్డు కంటే అదే మేలు. కిరండూల్ రైలుకి తగిలించే విస్టాడోమ్ పెట్టెలో పెద్ద పెద్ద అద్దాలు, తిరిగే సీట్లు, పక్కనే బాత్రూమ్, సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లల అరుపులు. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులవుతాయని చాలామంది ఇంట్లో ఉన్న వాంతుల మాత్ర ఒకటి వేసేస్తారు. పెద్దవాళ్లకి అలా వేసేయకండి, కొన్ని రకాల మాత్రలకి మగతొచ్చి తూలతారు, ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్న మగవాళ్లకి మూత్రం బిగిసిపోతుంది. బొర్రా గుహల్లో మెట్లు బాగా ఉన్నాయి, తడి కూడా, మోకాళ్ల వాళ్లు పైన ఆగిపోవడమే నయం.

ఊరు దాటి వెళ్లాలంటే: భువనేశ్వరా, హైదరాబాదా

పెద్ద పార్కు కావాలంటే విశాఖ వాళ్లకి ఇప్పుడు రెండు దిక్కులున్నాయి. హైదరాబాద్ వండర్‌లా 2016 నుంచి ఉంది, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర రావిర్యాలలో. భువనేశ్వర్ వండర్‌లా 2024లో తెరిచారు, ఖుర్దా వైపు. చాలామంది అలవాటుగా హైదరాబాద్ అంటారు, చుట్టాలుంటారు కాబట్టి. పెద్దవాళ్లు లేకపోతే నేనూ అదే అంటాను, రైడ్లు ఎక్కువ.

పెద్దవాళ్లుంటే భువనేశ్వరే మేలని నా అభిప్రాయం. ప్రయాణం చాలా తక్కువ, మధ్యాహ్నం విశాఖలో వందే భారత్ ఎక్కితే ఆరు గంటల లోపే దిగిపోవచ్చు, రాత్రికి పడుకుని పొద్దున్నే పార్కు. సికింద్రాబాద్ వందే భారత్‌కి ఎనిమిది గంటలు దాటుతుంది, అక్కడినుంచి రావిర్యాల ఇంకో గంట పైనే. రెండో కారణం రైడ్లకి సంబంధం లేనిది, కానీ అసలైనది: పూరీ జగన్నాథుడు. "పార్కుకి రండి" అంటే రాని నానమ్మ "పూరీ దర్శనం చేసుకుని, ఒకరోజు పిల్లలతో పార్కు" అంటే తానే సంచి సర్దుకుంటుంది. రెండూ ఒకే రోజు మాత్రం పెట్టకండి, పూరీలో దర్శనం లైనే ఒక రైడంత కష్టం. ముందు దర్శనం, మర్నాడు విశ్రాంతి, ఆ తర్వాతే పార్కు.

పార్కులో పెద్దవాళ్లకి వేరే టికెట్ ధర ఉంటుంది, వయసు చూపించే ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. లోపలికి వెళ్లగానే వీల్‌చైర్ దొరుకుతుందా అని గేటు దగ్గరే అడగండి. నడవగలిగేవాళ్లకి కూడా మధ్యాహ్నానికి పనికొస్తుంది. "నాకు వీల్‌చైరా" అని తాతయ్య కోపగిస్తే, మనవడి సంచి దాంట్లో పెట్టి తోసుకెళ్లండి, మూడింటికి ఆయనే కూర్చుంటారు. ప్రతి రైడ్ దగ్గరా ఎవరెవరు ఎక్కకూడదో బోర్డు ఉంటుంది. దాన్ని చదివి వినిపించడం కంటే పెద్దవాళ్లనే చదవమనండి. మనం చదివితే ఆపుతున్నట్టుంటుంది, వాళ్లు చదువుకుంటే వాళ్ల నిర్ణయం.

వండర్‌లాకీ రామోజీ ఫిల్మ్ సిటీకీ మధ్య ఎంచుకోవాలంటే, ఇంట్లో పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువమంది ఉంటే రామోజీయే. 1996 నుంచి ఉన్న ఈ ఫిల్మ్ సిటీలో ఎక్కువ భాగం బస్సులో కూర్చుని చూడొచ్చు, షోలన్నీ కూర్చుని చూసేవే, పైగా చూస్తున్నదాని గురించి పెద్దవాళ్లకి చెప్పుకోవడానికి కబుర్లుంటాయి, ఆ సినిమా ఇక్కడే తీశారట, ఆ రైల్వే స్టేషన్ చూశావా అని. ఇబ్బంది ఒక్కటే, రోజంతా బస్సెక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. మెట్టు ఎత్తుగా ఉంటే మోకాళ్లకి అది కూడా ఎక్కువే. అన్నీ చూసేయాలని పరిగెత్తకండి, నాలుగు చూసి చెట్టు కింద కూర్చోండి.

ఎగ్జిబిషన్లో ఎక్కించే ముందు

కొన్నాళ్లకి వేసి తీసేసే రైడ్లు కాబట్టి అక్కడ మన కళ్లే ఇన్స్పెక్టర్లు. రాడ్డు వేసి పిన్ను పెట్టాడా లేదా చూడండి, వేయకుండానే తిప్పడం మొదలుపెట్టిన చోట మేం దిగి వచ్చేశాం, టికెట్ డబ్బులు పోతే పోయాయి. తొట్టె తలుపుకి తీగ చుట్టి కట్టారంటే ఎక్కొద్దు. వాన పడి వెలిసిన వెంటనే ఇనుప మెట్లు జారతాయి. ఆపరేటర్‌కి ముందే "పెద్దావిడ ఉన్నారు, చెయ్యి ఊపితే ఆపాలి" అని చెప్పి, అతను మన మొహం చూసి తలూపాడా అని చూసుకోండి. ఫోన్లో మాట్లాడుతూ ఊఁ అన్నాడంటే అది ఒప్పుకోవడం కాదు.

కళ్లజోడుకి తాడు, కట్టుడు పళ్లు తీసి డబ్బాలో, వినికిడి మిషన్ తీసి జేబులో. మిషన్ తీసేశాక వాళ్లకి మన మాట వినపడదు కాబట్టి ఎలా ఆపమని చెప్పాలో సైగ ముందే అనుకోండి.

అడిగే తీరు

"ఎక్కుతారా?" అని అడిగితే మన పెద్దవాళ్లలో సగం మంది వద్దంటారు, మొహమాటం. మిగతా సగం మనకి సరదా పోతుందని ఒప్పేసుకుంటారు, లోపల భయపడుతూనే. అలా అడక్కుండా "మీరు ఎవరి పక్కన కూర్చుంటారు?" అనో, "ముందు మేం ఒక రౌండు వెళ్లొస్తాం, చూసి చెప్పండి" అనో అనండి. చూశాక వచ్చే జవాబే నిజమైనది. రెండోసారి వద్దంటే మూడోసారి అడక్కండి.

ఎక్కనివాళ్ల దగ్గర ప్రతి రైడ్‌కీ ఒకరు వంతులవారీగా ఉండండి, సంచుల్ని లాకర్లో పెట్టండి. లాకర్ అద్దె దండగ అనుకుంటారు గానీ ఆ డబ్బుతో మా అత్తయ్య కుర్చీలోంచి లేచి మనవలతో పాటు తిరగగలిగింది.

ఏ నెలలో అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి. ఏ రోజంటే ఆదివారం కాకుండా ఏదైనా. ఊళ్లో అయితే మధ్యాహ్నం భోంచేసి, ఒక కునుకు తీసి, నాలుగింటికి బయల్దేరండి. పెద్ద పార్కుకైతే గేటు తెరిచేసరికి ఉండి, మొదటి రెండు గంటల్లోనే పెద్దవాళ్ల రైడ్లు పూర్తి చేయండి, లైన్లు అప్పుడే చిన్నగా ఉంటాయి. తర్వాత వాళ్లని నీడలో ఏసీ రెస్టారెంట్ దగ్గర కూర్చోబెట్టి పిల్లల్ని ఎంతసేపు కావాలంటే అంతసేపు తిరగనీయొచ్చు. మధ్యాహ్నం మూడు తర్వాత పెద్దవాళ్లని కొత్త రైడ్ ఏదీ ఎక్కించకండి, "ఇదొక్కటే మిగిలింది" అని ఎవరన్నా సరే.